ఆరు ప్రశ్నలకు గొడుగుల బాబాయి జవాబులు

సిటీ బస్సుల డిపో వెనక, టైర్లు మార్చే షెడ్డుకూ డ్రైవర్లు నడుం వాల్చే గదికీ మధ్య ఇరుక్కుని ఒక పొడుగాటి గది ఉంది. జనం బస్సుల్లో మరిచిపోయిన వస్తువులన్నీ సాయంత్రానికి అక్కడికి చేరతాయి. ఆ గదిలో పందొమ్మిదేళ్ళుగా సహాయకుడిగా పనిచేస్తున్నాయనను డిపోలో అందరూ గొడుగుల బాబాయి అంటారు. మొదట్లో ఆ పేరు ఆయనకు నచ్చలేదు. లెక్క తీస్తే గొడుగులకంటే భోజనం డబ్బాలే ఎక్కువని వాదించాడు. సరే, డబ్బాల బాబాయి అనే పిలుస్తామని మెకానిక్కులు ఒప్పేసుకునేసరికి, గొడుగులే నయమనుకుని ఊరుకున్నాడు.

బాబాయికి నలభై ఏడేళ్ళు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం ఘనం. ఇంట్లో భోజనానికి కూర్చున్నాడంటే, ఆ రోజు గదికి ఏమేం వచ్చాయో, ఎవరు ఏం వెతుక్కుంటూ వచ్చారో, ఏది ఎవరిదో తను ఎలా కనిపెట్టాడో మొదలుపెట్టి, చెయ్యి ఎండిపోయేదాకా ఆపడు. బస్సులో ఒంటికాలి చెప్పు పోగొట్టుకున్నవాడి కథ ఒకసారి మూడు రోజులు సాగింది. ఊఁ కొడుతూనే తన పని తాను చేసుకుపోవడం ఆయన భార్య పెళ్ళైన కొత్తలోనే నేర్చుకుంది.

ఆ ఏడాది వానాకాలానికి ముందు గది ఇన్‌చార్జి రిటైరయ్యాడు. చాలా ఏళ్ళుగా సంతకాలు ఆయనవి, మిగతా పనంతా బాబాయిది. కాబట్టి ఆ కుర్చీ బాబాయిదేనని టైర్ల షెడ్డు నుంచి క్యాంటీన్ దాకా అందరూ తీర్మానించేశారు. ఆఫీసు మాత్రం అలా అనుకోలేదు. బయటివాళ్ళు కూడా దరఖాస్తు చేసుకోవచ్చని నోటీసు అంటించి, ఒక ఫారం ఇచ్చింది. ఫారం చివర ఆరు ప్రశ్నలు. ఒక్కోదానికీ మీ అనుభవంలోంచి ఉదాహరణ చూపిస్తూ, రెండు వందల యాభై మాటలకు మించకుండా జవాబు రాయాలి. జవాబులకు మార్కులు వేస్తారు. మంచి మార్కులు వచ్చినవాళ్ళనే ఇంటర్వ్యూకి పిలుస్తారు.

బాబాయి ఒక ఆదివారం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చుని, పావుగంటలో పని ముగించాడు. ప్రజలతో ఓర్పుగా మెలగగల నేర్పు మీకుందా అన్నదానికి "ఉంది" అని రాశాడు. తోటివాళ్ళతో కలిసి పనిచేయడం గురించి "చేయగలను". పని పద్ధతిని మెరుగుపరిచిన అనుభవం, "కలదు". ఒత్తిడి తట్టుకోవడం, "అలవాటే". రికార్డుల నిర్వహణ గురించి "డిపోలో ఎవరినైనా అడగవచ్చును" అని కాస్త ఉదారంగా రాశాడు. చివరి ప్రశ్న, మీ వల్ల జరిగిన ఒక పొరపాటు గురించీ, దాన్నుంచి మీరు నేర్చుకున్నదాని గురించీ చెప్పమంది. దాని దగ్గర కలం కాసేపు ఆగింది. తరవాత "లేదు" అని రాసి, సంతకం పెట్టేశాడు.

మాటలు కోటలు దాటే మనిషికి కలం మాత్రం గడప దాటలేదు.

ఆయన భార్యకు వీధి మొదట్లో జిరాక్స్ కొట్టు ఉంది. ఊళ్ళోవాళ్ళ మార్కుల లిస్టులూ, అద్దె కాగితాలూ, కోర్టు నోటీసులూ అన్నీ ఆవిడ కళ్ళముందు నుంచే వెళ్తాయి. ఎవరి గుట్టూ బయటపెట్టదు గానీ, చదవకుండా మాత్రం ఉండదు. బాబాయి ఇచ్చిన ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, మిగతా పేజీలేవని అడిగింది. ఇంతేనన్నాడు బాబాయి.

"నిన్నట్నుంచి ఈ ఉద్యోగానికే నలుగురొచ్చి కాపీలు తీయించుకున్నారు" అంది ఆవిడ. "ఒక్కొక్కరిది ఎనిమిదేసి పేజీలు. మీది పోస్టుకార్డు మీద పట్టేస్తుంది. ఇంకా అడ్రసుకి చోటు కూడా మిగుల్తుంది."

పందొమ్మిదేళ్ళు చాకిరీ చేసినవాడు తన గురించి తాను రాసుకోవాలా, వాళ్ళకు కళ్ళు లేవా అన్నాడు బాబాయి. తన డప్పు తానే కొట్టుకోవడం తమ వంశంలోనే లేదన్నాడు. వంశం సంగతి తనకు తెలిసిందేననీ, మార్కులు వేసేవాళ్ళు మాత్రం పెద్దాఫీసులో కూర్చుంటారనీ, వాళ్ళకు డిపో వెనక అసలు ఒక గది ఉన్నట్టే తెలియకపోవచ్చనీ ఆవిడ చెప్పింది. అడగందే అమ్మైనా పెట్టదన్న మాట కూడా జోడించి, ఫారం కాపీ తీయకుండానే తిరిగి చేతిలో పెట్టింది.

బాబాయికి పౌరుషం వచ్చింది. సాయంత్రం పత్రికలమ్మే బంకుకు వెళ్ళి 'ఉద్యోగ దరఖాస్తులకు నమూనా జవాబులు' అనే సన్నటి పుస్తకం కొన్నాడు. సోమ, మంగళ, బుధవారాలు కూర్చుని అందులోంచి మంచి మంచి వాక్యాలు ఏరి, పదకొండు పేజీలు నింపాడు. చదువుకుంటే తనకే తన మీద గౌరవం పుట్టింది. ఇంత గొప్పవాణ్ణి డిపో వెనక గదిలో ఇన్నాళ్ళు ఎలా ఉంచారా అని జాలి కూడా వేసింది. గడువు ఇంకా పది రోజులుంది. మెచ్చుకునేవాళ్ళు ఒకరుంటే బాగుంటుందని, కాగితాలు పట్టుకుని రెండు వీధుల అవతలున్న అక్క ఇంటికి వెళ్ళాడు.

అక్క ముప్పై రెండేళ్ళు బడిలో భాష చెప్పి రిటైరైంది. ఇంటికొచ్చిన పెళ్ళి శుభలేఖలో కూడా అచ్చుతప్పులు దిద్దందే అల్మరాలో పెట్టదు. కళ్ళజోడు తగిలించుకుని పైకి చదవడం మొదలుపెట్టింది.

"'లక్ష్యసాధనే శ్వాసగా జీవించే నేను...'" అని ఆగింది. "లక్ష్యంతోనే ఊపిరి పీల్చుకుంటే మరి ముక్కు దేనికిరా?"

అక్క తరవాతి పేజీ తిప్పింది.

"'సంస్థాగత సామర్థ్యాన్ని నూతన శిఖరాలకు చేర్చాను.' ఏం శిఖరం? మీ గది గుంటలో ఉంది, వానొస్తే నీళ్ళొస్తాయని కదా నువ్వు ఏడుస్తుంటావు."

పుస్తకంలో అలాగే ఉందని బాబాయి నసిగాడు. ఆ పుస్తకం బంకులో ఒక్కటే ఉందా, దొంతర ఉందా అని అక్క అడిగింది. దొంతరే ఉందని ఒప్పుకోవాల్సి వచ్చింది. అయితే మార్కులు వేసేవాళ్ళకు ఒకే శిఖరం మీద నలభైమంది నిలబడి కనిపిస్తారనీ, అందులో తమ్ముడెవరో పోల్చుకోవడం తోడబుట్టిన తనకే కష్టమనీ అక్క తేల్చింది. పదకొండు పేజీలూ తిరగేసి, వెనకవైపు తెల్లగా ఉన్నందుకు మాత్రం మెచ్చుకుంది. ఆ తెల్లటి వైపే బల్ల మీద పెట్టి, కలం అతని చేతికిచ్చింది.

"డప్పు కొట్టమని ఎవరూ అనలేదు. ఏం జరిగిందో చెప్పు. ఒక్కో ప్రశ్నకి ఒక్క సంగతి చాలు. ఎప్పుడు, ఎక్కడ, చిక్కేమిటి, నువ్వేం చేశావు, చివరికి ఏమైంది. ఆరో తరగతి పిల్లలకి చెప్పే పాఠమే ఇది. గోరంతని కొండంత చెయ్యకు. కొండని గోరంతా చెయ్యకు."

తోటివాళ్ళతో కలిసి పనిచేయడం దగ్గర మొదలుపెట్టారు. "మేము డ్రైవర్ల సహకారంతో" అని బాబాయి అందుకోగానే అక్క ఆపింది. మేము అంటే ఎవరెవరని అడిగింది. బాబాయి ఆలోచించాడు. గదిలో తనూ, గొడుగులూ. ఇన్‌చార్జి పదకొండింటికి వచ్చి మూడింటికి వెళ్ళేవాడు. అయితే "నేను" అని రాయమంది అక్క. ఆ ఒక్క మాట మార్చడానికి బాబాయి పడ్డ అవస్థ చూస్తే, పరాయివాళ్ళ చొక్కా తొడుక్కోమన్నట్టే ఉంది.

సంగతి ఇది. తొలిరోజుల్లో డ్రైవర్లు, కండక్టర్లు దొరికిన వస్తువుల్ని తెచ్చి గది తలుపు దగ్గర కుప్పపోసి వెళ్ళిపోయేవాళ్ళు. ఏ బస్సులో దొరికింది, ఏ సీటు కింద దొరికింది, చెప్పేవాళ్ళు కాదు. అడిగితే, ఎనిమిది గంటలు స్టీరింగ్ తిప్పి వచ్చినవాణ్ణి నీకు కథలు చెప్పాలా అని కసురుకునేవాళ్ళు. పైనుంచి రెండు సర్క్యులర్లు వచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు. బాబాయి ఒక పని చేశాడు. వస్తువు దొరికి సంతోషంగా వెళ్ళబోయేవాళ్ళను ఆపి, తామెక్కిన బస్సు డ్రైవరుకు రెండు మాటలు రాసిపొమ్మని చీటీ ఇచ్చేవాడు. ఆ చీటీలు తీసుకెళ్ళి డ్రైవర్ల గది గోడకు గుచ్చేవాడు. నువ్వు దాచి ఇచ్చిన సంచిలో మా ఆయన మందులున్నాయి బాబూ, చల్లగా ఉండు అని ఒక పెద్దావిడ రాసింది. ఆ చీటీ అందుకున్న డ్రైవరు దాన్ని నెలరోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు. మరో రెండు నెలలకు, బస్సు నంబరూ సీటూ రాసిన కాగితం పిన్ను పెట్టి మరీ వస్తువు తెచ్చి ఇవ్వడం డిపోలో అలవాటైపోయింది. నా పేరు సరిగ్గా రాశావా అని చూసుకునేవాళ్ళు కూడా తయారయ్యారు.

అక్క కాసేపు తమ్ముడి మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో భోజనాల దగ్గర ఒంటికాలి చెప్పు కథ నాలుగుసార్లు విన్నది గానీ, ఇది ఒక్కసారీ వినలేదు.

"ఇది నువ్వే ఆలోచించావా?"

"ఆలోచించడానికేముందక్కా, ఊరికే అలా..."

"ఊరికే అన్న మాట కొట్టెయ్" అంది అక్క.

తరవాత ఎంత తేడా వచ్చిందని అడిగింది. చాలా వచ్చిందన్నాడు. చాలా అంటే ఎంత అంది. గురువారం, శుక్రవారం పని అయ్యాక గదిలోనే ఉండిపోయి పాత రిజిస్టర్లు దించాడు. తుమ్ములతో టైర్ల షెడ్డు అదిరింది. వచ్చిన ప్రతి వంద వస్తువుల్లో ఒకప్పుడు సొంతదారులకు చేరినవి ముప్పై ఒకటి. నిరుడు చేరినవి యాభై ఎనిమిది. ఆ అంకెలు కూడినప్పుడు బాబాయికి నమ్మకం కుదరక మళ్ళీ కూడాడు. అప్పుడూ అవే వచ్చాయి. పందొమ్మిదేళ్ళుగా గొడుగులు సర్దుతున్నాననే అనుకున్నాడు గానీ, తన చేతుల్లో ఇంత పని జరిగిందని ఆయనకే తెలియదు.

శనివారం మళ్ళీ అక్క ఇంట్లో కూర్చున్నారు. పని పద్ధతిని మెరుగుపరచడం గురించి బాబాయి తన ప్రశ్నల కార్డు సంగతి చెప్పాడు. పోయిన వస్తువు కోసం ఎవరొచ్చినా, వస్తువు చూపించే ముందే పన్నెండు ప్రశ్నలు అడుగుతాడు. ఏ రంగు, ఎక్కడ చిరిగింది, జిప్పు ఏ పక్క, లోపల పైనున్నదేమిటి, అలా. వచ్చింది మంత్రైనా సరే, కార్డు పూర్తికాందే అరలు తెరవడు. ఈ ఆలోచన ఎప్పుడు, ఎందుకు వచ్చిందని అక్క మామూలుగానే అడిగింది. బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎప్పుడో వచ్చిందన్నాడు. అక్క ఫారంలో ఆరో ప్రశ్న తీసింది. దానికి ఆయన మొదట రాసిన జవాబు చూసింది.

"పొరపాటు లేదా?" అంది. "ముప్పై రెండేళ్ళలో ఒక్క తప్పూ లేని పేపర్లు నేను రెండే చూశాన్రా. రెండూ కాపీ కొట్టినవే."

బాబాయి నవ్వలేదు. ఏదో పనుందని చెప్పి లేచి వెళ్ళిపోయాడు.

ఆ పూట భోజనాల దగ్గర మాట వినిపించలేదు. ఊఁ కొట్టడానికి అలవాటుపడ్డ భార్యకు, దేనికి కొట్టాలో తెలియక చాలా ఇబ్బందైంది. మర్నాడు మధ్యాహ్నం బాబాయి జిరాక్స్ కొట్టుకు వచ్చి, ముక్కాలిపీట మీద కూర్చుని, అడగకుండానే చెప్పాడు.

పదకొండేళ్ళ కిందట ఒక నీలం సంచి వచ్చింది. కాసేపటికి ఇస్త్రీ బట్టల్లో ఉన్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, నీలం సంచి పోయిందన్నాడు. మనిషి మర్యాదగా ఉన్నాడు, గొంతు మెత్తగా ఉంది. బాబాయి ఇంకేం అడగకుండా సంచి తీసి ఇచ్చేశాడు. గంట తరవాత ఒకమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమెదీ నీలం సంచే. అందులో రెండేళ్ళు కూర్చుని గీసిన భవనాల నమూనాలున్నాయి, మర్నాడే వాటిని పరీక్షలో చూపించాలి. పెద్దమనిషి ఎక్కడుంటాడో తెలియదు. బాబాయి ఆ రోజంతా బస్టాపుల్లో వెతికాడు. మూడో రోజున ఆయనే సంచి పట్టుకుని తిరిగొచ్చాడు. పాపం, మోసగాడేం కాడు. ఆయనా నిజంగానే నీలం సంచి పోగొట్టుకున్నాడు, ఇంటికెళ్ళి విప్పి చూసేసరికి ఇది తనది కాదు. కానీ అప్పటికి పరీక్ష అయిపోయింది. ఆ అమ్మాయికి ఒక ఏడాది పోయింది. సంచి తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆమె అరవలేదు, తిట్టలేదు. మీరు ఆయన్ని ఏమీ అడగలేదా అని మాత్రం అంది. ఇన్‌చార్జి ఆ సంగతి రిజిస్టరులోకి ఎక్కనివ్వలేదు, మనిద్దరికీ అదే మంచిదన్నాడు. ఆ వారంలోనే బాబాయి పన్నెండు ప్రశ్నల కార్డు రాసుకున్నాడు.

భార్య మెషీను ఆపేసి వింది.

"ఆ ఏడాది రెండు వారాలు మీరు అన్నం దగ్గర నోరు విప్పలేదు. అందుకేనా?" అంది. "నేను పన్ను నొప్పి అనుకుని లవంగాలు పెట్టాను."

ఆ లవంగాలు నమిలానని బాబాయి ఒప్పుకున్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగాక, ఇది రాస్తే ఉద్యోగం పోతుందేమోనని ఆయన, రాయకపోతే మీ కార్డు ఆకాశంలోంచి ఊడిపడినట్టుంటుందని ఆవిడ. అంతకు మించి ఆవిడ రాయమని గానీ వద్దని గానీ చెప్పలేదు. కొత్త కాగితాలు నాలుగు తీసి పక్కన పెట్టి, మళ్ళీ మెషీను వేసుకుంది.

బాబాయి అక్కడే కూర్చుని రాశాడు. అక్కకు చూపించలేదు. మాటలు రెండు వందల నలభై ఆరు వచ్చాయి. గడువుకు రెండు రోజుల ముందు ఫారం ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాడు. తనకు చూపించకుండా ఇచ్చినందుకు అక్క నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు, ఒత్తులన్నీ సరిగ్గా పెట్టావా అని మాత్రం అడిగింది.

మూడు వారాలకు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పెద్దాఫీసు మూడో అంతస్తులో పొడవాటి బల్ల, బల్లకవతల ముగ్గురు. నడుమ కూర్చున్నావిడది నెరిసిన జుట్టు. బాబాయి జవాబుల కాగితాలు ఆవిడ ముందున్నాయి, అక్కడక్కడా పెన్సిలు గీతలున్నాయి. డ్రైవర్ల చీటీల గురించి ఒకాయన అడిగాడు. రిజిస్టర్ల గురించి ఇంకొకాయన అడిగాడు. బాబాయి మొదట ఒక్కో మాటలో జవాబిచ్చాడు. అడిగిన సంగతులన్నీ తనకు తెలిసినవేనని గ్రహించాక మాట జోరందుకుంది. తరవాత ఆపడం వాళ్ళ వల్ల కాలేదు.

చివర్లో ఆవిడ కాగితం తిప్పింది. "ఈ నీలం సంచి విషయం మీ రికార్డులో ఎక్కడా లేదు. మీరు రాయకపోతే మాకు తెలిసేదే కాదు. ఎందుకు రాశారు?"

బాబాయి చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు.

"ఆరో ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు అదొక్కటేనండి. ఇంకోటి రాస్తే, అక్కడేమీ రాయనట్టే."

తరవాత ఆ అమ్మాయి ఏమైందని ఆవిడ అడిగింది. తెలియదండీ అన్నాడు. ఆమె గురించి తెలుసుకోవాలని చాలాసార్లు అనిపించినా, ఏ మొహం పెట్టుకుని వెతకాలో తోచలేదని కూడా చెప్పాడు. ఆవిడ కాగితం మీద ఏదో చిన్నగా రాసుకుంది. ఇరవై నిమిషాలనుకున్న ఇంటర్వ్యూ యాభై నిమిషాలు నడిచింది. బయట వరుసలో కూర్చున్నవాళ్ళు బాబాయిని చూసిన చూపులు స్నేహంగా లేవు.

ఫలితం వచ్చింది. బాబాయి రెండోవాడు. మొదటి స్థానం ఏదో గిడ్డంగిలో పన్నెండేళ్ళు మేనేజరుగా చేసినాయనకు దక్కింది. డిపోలో అందరూ ఆఫీసును తిట్టారు. అక్క మాత్రం, చిన్నప్పుడు కూడా వీడిదెప్పుడూ రెండో ర్యాంకేనని చెప్పి, వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. బాబాయికి బాధ లేదని కాదు. కానీ తనకు వచ్చిన మార్కులు నూటికి ఎనభై మూడని తెలిశాక, ఆ అంకె చెప్పుకోవడంలో సగం బాధ ఖర్చైపోయింది. డప్పు కొట్టుకోని వంశంలో పుట్టినందుకు, ఆ అంకె వారంలోగా వీధి వీధంతా పాకిపోయింది.

మొదటాయన వచ్చి గది చూశాడు. అంతకు ముందు రాత్రే పెద్ద వాన పడి గదిలో చీలమండ లోతు నీళ్ళున్నాయి. ముందు ఏది పైకెత్తాలో బాబాయి ఆయనకు ఓపిగ్గా వివరించాడు. ఆయన కాసేపు గడపలోనే నిలబడి, బూట్లకేసి చూసుకుని వెళ్ళిపోయాడు. ఉద్యోగంలో చేరలేనని మర్నాడు ఉత్తరం రాశాడు. నెల తిరక్కుండా నియామకం కాగితం బాబాయి చేతికొచ్చింది.

ఇన్‌చార్జి అయ్యాక ఆయన చేయాల్సిన కొత్త పని ఒక్కటే. నెలకోసారి పెద్దాఫీసుకు నివేదిక పంపాలి. మునుపటి ఇన్‌చార్జి నాలుగు లైన్లలో పంపేవాడు. బాబాయి మొదటి నివేదిక తొమ్మిది పేజీలు వచ్చింది. ఎప్పుడు, ఎక్కడ, చిక్కేమిటి, ఏం చేశాను, ఏమైంది అన్నీ ఉన్నాయి. ఒక్కచోట కూడా "మేము" లేదు. ఇకమీదట ఒక పేజీకి కుదించగలరని పెద్దాఫీసు మర్యాదగా తిరిగి పంపింది.

బాబాయి ఆ కట్ట పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాడు. అక్క సాయంత్రం దాకా కూర్చుని, కొట్టేసి కొట్టేసి నాలుగు పేజీలకు తెచ్చింది. ఆ తరవాత కలం మూత పెట్టేసింది.

"ఇంకా తగ్గించమంటే వాళ్ళనే వచ్చి తగ్గించుకోమను" అంది. "అన్నట్టు, ఆ మూడో పేజీలో చిలక పంజరం ఎవరిదో చివరికి తేలిందా లేదా?"

బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.